మాసాయి మారాకు నలుగురికి 11.5 లక్షలు అక్కర్లేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భార్యాభర్తలు ఇద్దరు, 12 ఏళ్ల బాబు, 7 ఏళ్ల పాప. జూలై మధ్యలో హైదరాబాద్ నుంచి కెన్యా, 8 రోజులు. అంబోసెలి, నైవాషా, నకురు, మాసాయి మారా, చివర్లో నైరోబీ నేషనల్ పార్క్. విమానం టికెట్లతో కలిపి ఏజెంటు చెప్పిన రేటు 11.5 లక్షలు. ఇంట్లో ఇద్దరు శాకాహారులు, పాపకి సింహాలంటే భయం. ఇందులో ఎంత తగ్గించవచ్చు అని అడిగారు.

సగానికి పైగానే తగ్గుతుంది. నేను నైరోబీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తూ ఏడేళ్లు ఉన్నాను. ఇక్కడి నుంచి చుట్టాలో, చుట్టాల స్నేహితులో ఎవరొచ్చినా మారాకు తీసుకెళ్లే డ్యూటీ నాదే. పదిహేనుసార్లకు పైగా వెళ్లి ఉంటాను. వృత్తి జబ్బు కాబట్టి ప్రతిసారీ ఖర్చు పైసలతో సహా రాసుకున్నాను. తిరిగొచ్చాక కూడా తెలిసినవాళ్ల ప్లాన్లు చూసిపెడుతుంటాను, అందుకే రేట్లు ఇప్పటివే చెప్పగలుగుతున్నాను.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం అని అర్థం. హైదరాబాదీలు సఫర్ అంటారే, అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటే ఇది కూడా. మీ ఏజెంటు దీన్ని మరీ అక్షరాలా తీసుకున్నట్టున్నారు. 8 రోజుల్లో 5 పార్కులంటే సగం రోజులు జంతువులను కాదు, హైవే మీద లారీల వెనక భాగం చూస్తారు.

డబ్బు ఎక్కడికి పోతుందో ముందు అది చూద్దాం. చాలామంది హోటళ్లకు అనుకుంటారు. నిజానికి పార్క్ ఎంట్రీ ఫీజు, బండి అద్దె, ఈ రెండే అసలు బరువు. మాసాయి మారాలో 2024 నుంచి విదేశీ పెద్దలకు మనిషికి రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు 50. అంతకన్నా చిన్నవాళ్లకు ఫీజు లేదు, అంటే మీ పాపకి ఉచితం. జూన్ 30న చూసిన సింహాన్నే మర్నాడు చూడాలంటే రెట్టింపు కట్టాలన్నమాట.

ఇందులో ఎక్కువమంది ఏజెంట్లు చెప్పని మెలిక ఒకటి ఉంది. టికెట్టు ఇదివరకు 24 గంటలు చెల్లేది. ఇప్పుడు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. ప్యాకేజీల్లో మొదటి రోజు ఎప్పుడూ ఇలాగే రాస్తారు: నైరోబీలో ఉదయం బయల్దేరడం, మధ్యాహ్నం క్యాంపులో భోజనం, సాయంత్రం 4 గంటలకు గేమ్ డ్రైవ్, అంటే బండిలో తిరుగుతూ జంతువుల్ని చూడటం. చదవడానికి బాగుంటుంది. కానీ 4కి గేటు దాటితే 6కి బయటపడాలి. ఆ రెండు గంటలకూ మొత్తం రోజు టికెట్టే. జూలైలో మీ నలుగురికి ఆ రెండు గంటల ఖరీదు 450 డాలర్లు.

కాబట్టి గేటు బయట ఉన్న క్యాంపులో దిగండి. చేరిన రోజు పార్కులోకి వెళ్లొద్దు. ఎలాగూ ఐదారు గంటలు కూర్చొని నడుములు పట్టేసి ఉంటాయి. స్నానం చేసి, చీకటి పడేదాకా క్యాంపు ముందు కూర్చోండి. రిజర్వుకి కంచె లేదు, జీబ్రాలూ జింకలూ బయటికే వచ్చి మేస్తుంటాయి. మర్నాడు పొద్దున 6కి గేటు తీసేసరికి లైన్లో మీ బండి ఉండాలి. టిఫినూ భోజనమూ డబ్బాల్లో పెట్టించుకుని సాయంత్రం 6 దాకా లోపలే ఉండండి. అలాంటి నిండు రోజులు రెండు చాలు.

మీ నలుగురికి లెక్క ఇలా ఉంటుంది. ఏజెంటు ప్లాన్ ప్రకారం జూలైలో మూడు రోజుల టికెట్లకు 1,350 డాలర్లు. నేను చెప్పినట్టు చేసి, ప్రయాణాన్ని ఫీజు సగం ఉండే నెలకు జరిపితే జూన్‌లో రెండు నిండు రోజులకు 500. డాలరు 90 రూపాయలనుకుంటే ఒక్క గేటు దగ్గరే 76 వేలు మిగులుతాయి.

జూన్ అనగానే మీరు మైగ్రేషన్ సంగతేంటి అంటారు, తెలుసు. దాదాపు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దులా కనిపించే జింక జాతి) టాంజానియాలోని సెరెంగెటి నుంచి మేత కోసం ఉత్తరానికి వచ్చి, మారా నది దాటే కాలం సుమారుగా జూలై నుంచి అక్టోబర్ దాకా. జూన్ మొదటి వారంలో అది దొరకదు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ టీవీలో చూసినట్టు నది దగ్గరికి వెళ్లగానే దూకుతాయనుకోకండి. ఒక ఆగస్టులో మా బావమరిది కుటుంబాన్ని తీసుకెళ్లాను. ఉదయం పదింటికి ఒడ్డున బండి ఆపాం. అవతల ఒడ్డంతా నల్లగా మంద. ముందున్న ఒకటి నీళ్లదాకా దిగింది, మూతి పెట్టింది, ఏదో శబ్దానికి బెదిరి వెనక్కి తిరిగింది. దాని వెనకే వేలకు వేలు దుమ్ము రేపుకుంటూ గట్టెక్కేశాయి. అరగంటకు మళ్లీ దిగాయి, మళ్లీ ఎక్కాయి. మధ్యాహ్నం మూడున్నర దాకా ఇదే వరస. మా చుట్టూ నలభై బండ్లు, ఇంజన్ల వేడి, పిల్లలు ఏడుపు. చివరికి ఒక్కటీ దాటలేదు. ఇంకోసారి ఏ ఆశా లేకుండా అటు వెళితే పావుగంటలో దాటేశాయి. మనిషికి రోజుకు 200 డాలర్లు కట్టి, బాబుని బడి మాన్పించి ఈ లాటరీ ఆడాలా అన్నది మీ ఇష్టం.

సింహాలు, చీతాలు, ఏనుగులు, జిరాఫీలు, హైనాలు ఎక్కడికీ పోవు, ఏడాది పొడవునా మారాలోనే ఉంటాయి. మన స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు కాబట్టి జూన్ 1 నుంచి 9 మధ్య పెట్టుకోండి. నన్నడిగితే ఇంకా మంచిది సంక్రాంతి సెలవులు. జనవరిలో వాన తక్కువ, గడ్డి పొట్టిగా ఉంటుంది, పిల్లి జాతి జంతువులు దూరం నుంచే కనబడతాయి, ఫీజూ 100 డాలర్లే. జూన్ మొదట్లో మార్చి నుంచి మే దాకా పడిన వానలకు గడ్డి నడుమెత్తు ఉంటుంది. సింహం పదడుగుల దూరంలో పడుకున్నా చెవులు మాత్రమే కనిపించిన సందర్భాలున్నాయి. దసరా సెలవుల్లో మంద ఇంకా మారాలో ఉండే అవకాశం బాగానే ఉంది గానీ ఫీజు 200.

ఇక పార్కుల లిస్టులో కత్తెర వేద్దాం. నకురు తీసేయండి. అక్కడికి జనం వెళ్లేది సరస్సు అంచున గులాబీ రంగు ఫ్లెమింగోల కోసం. సరస్సు నీటిమట్టం పెరిగాక అవి చాలావరకు బొగోరియా లాంటి వేరే సరస్సులకు వెళ్లిపోయాయి. ప్యాకేజీ బొమ్మల్లో మాత్రం ఇంకా పాత ఫొటోలే పెడుతున్నారు. ఖడ్గమృగాలు బాగా కనిపిస్తాయి, అది నిజమే. కానీ దానికోసమే ఒక రోజు, ఒక ఫీజు దండగ. అంబోసెలి తీసేయమనడానికి మాత్రం నాకే మనసొప్పడం లేదు. తెల్లవారుజామున మబ్బు పట్టకముందు 5,895 మీటర్ల కిలిమంజారో, దాని ముందు బారుగా నడిచిపోయే ఏనుగులు. అయితే అది నైరోబీకి దక్షిణాన, మారా పడమరన. రెండూ కలపాలంటే రెండు రోజులు, బండి అద్దె, ఇంకో ఫీజు. బడ్జెట్ అన్నారు కాబట్టి ఈసారికి వదిలేయండి. కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ (కేడబ్ల్యూఎస్) కింద ఉన్న ఈ పార్కులకు పాత రాతల్లో కనిపించే 60 డాలర్ల రేటు నమ్మొద్దు, పెంచారు. వెళ్లేముందు వాళ్ల సైట్లోనే చూసుకోండి.

నైవాషా ఉంచండి. మారాకు దారిలోనే పడుతుంది, పిల్లలకు అదే ఎక్కువ గుర్తుంటుంది. పక్కనే హెల్స్ గేట్ పార్కులో సైకిల్ అద్దెకు తీసుకుని జీబ్రాల మధ్య నుంచి తొక్కుకుంటూ వెళ్లొచ్చు. డ్రైవరు ‘దిగొద్దు, దిగొద్దు’ అనే దేశంలో ఇదొక్కటే నేల మీద కాలు పెట్టనిచ్చే చోటులా అనిపిస్తుంది. సాయంత్రం సరస్సులో పడవ, నీటిగుర్రాలు. రాత్రి అవే గట్టెక్కి హోటల్ పచ్చిక మేస్తాయి, కాబట్టి వాచ్‌మన్ తోడు లేకుండా గదిలోంచి బయటికి రావొద్దు.

బండి విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. చవక ప్యాకేజీలన్నీ పైకప్పు లేచే టొయోటా వ్యాన్లతో నడుస్తాయి. ఎండాకాలంలో అది చాలు. కానీ మారాలో చాలా చోట్ల నేల మన గుంటూరు, ప్రకాశం వైపు ఉండే నల్లరేగడి లాంటిదే. వాన పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నా మొదటి ట్రిప్పులో వ్యాను చక్రాలు సగందాకా దిగబడి, ఇంకో బండి వచ్చి తాడు కట్టి లాగేదాకా రెండున్నర గంటలు కూర్చున్నాం. వంద గజాల అవతల అడవిదున్నలు మమ్మల్నే చూస్తున్నాయి. జూన్‌లో వెళితే ల్యాండ్ క్రూయిజరే మాట్లాడుకోండి. డ్రైవరు, పెట్రోలుతో కలిపి రోజుకు 250 డాలర్లు అటూ ఇటూగా దొరుకుతుంది. నలుగురు ఉన్నారు కాబట్టి మీకు ఇదే లాభం. ఒక్కరో ఇద్దరో అయితే ముక్కూ మొహం తెలియని వాళ్లతో కలిసి వెళ్లే జాయినింగ్ సఫారీ తీసుకోమనేవాణ్ణి.

ఆ మొదటి ట్రిప్పు జాయినింగ్‌దే. పేరెందుకు గానీ ఒక ఆఫీసువాళ్లు మిగతా అందరికన్నా మూడో వంతు తక్కువ చెప్పారు. ఎగిరి గంతేసి కట్టేశాను. గేటు దగ్గర డ్రైవరు వెనక్కి తిరిగి ‘మీ పార్క్ ఫీజు?’ అన్నాడు. రసీదు తీసి చూస్తే చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది, ఫీజులు వేరు అని. పైగా ఏడుగురు పట్టే వ్యానులో ఎనిమిదో వాణ్ణి నేను, సామాన్ల పక్కన. అప్పట్నుంచి కొటేషన్ రాగానే ముందు చూసేది మూడు సంగతులు: ఎన్ని రోజుల పార్క్ ఫీజు కలిసి ఉంది, బండి ఏది, అందులో ఎంతమంది. ఆపరేటరు కాటోలో, అంటే కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘంలో సభ్యులా కాదా అన్నది వాళ్ల జాబితాలో చూసుకోవచ్చు. హైదరాబాద్ ఏజెంటు కూడా చివరికి నైరోబీలో ఎవరో ఒకరికి అప్పజెప్పేవాడే. నేరుగా నాలుగు నైరోబీ ఆఫీసులకు ఒకే మెయిల్ పంపండి, తేడా మీకే తెలుస్తుంది.

క్యాంపులు సెకెనాని గేటు బయట, టాలెక్ దగ్గర, ఓలోలైముటియా గేటు దగ్గర వరసగా ఉంటాయి. గుడారం అనగానే భయపడొద్దు. సిమెంటు గచ్చు, మంచాలు, వెనక బాత్రూము ఉంటాయి. మూడు పూటలా భోజనంతో పెద్దవాళ్లకు 60 డాలర్ల దగ్గర, పిల్లలకు సగం. జనరేటరో సోలారో కాబట్టి వేడినీళ్లూ కరెంటూ కొన్ని గంటలే. ఫోన్ల ఛార్జింగ్ ఆ టైంలోనే కానిచ్చేయాలి. ఈక్వేటరు దగ్గరే కదా అని స్వెట్టర్లు మానేయకండి. అదంతా ఎత్తైన ప్రాంతం, పొద్దున ఆరింటికి కప్పు తీసిన బండిలో చలికి పళ్లు కొట్టుకుంటాయి.

తిండికి ఇబ్బంది లేదు. బుక్ చేసేటప్పుడే ఎంతమంది శాకాహారులో రాసి పంపితే చపాతీ (అక్కడా చపాతీయే అంటారు), రాజ్మాలాంటి మహారాగ్వే, సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు పెడతారు. ఉగాలి అని తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంగటికి పిన తమ్ముడు. రుచీ పచీ ఉండదు, అందుకే ఆవకాయ తీసుకెళ్లాలి. అయితే స్టీలు డబ్బాలో పెట్టండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, 2020 నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలూ తీసుకెళ్లనివ్వరు. మనం అలవాటుగా కవరు మీద కవరు చుట్టి సామాను సర్దుతాం చూడండి, అది మానేయాలి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి, అనుమతి లేకపోతే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

కాగితాల పనిలో అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లకు మన దేశంలో దిగేటప్పుడు ఆ పసుపు కార్డు ఉండాలి, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్టు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ముందుగా స్లాట్ తీసుకుని, ఒరిజినల్ పాస్‌పోర్టులతో వెళ్లండి. గుడ్డు ఎలర్జీ ఉన్నా, 60 దాటినవాళ్లు తోడు వస్తున్నా డాక్టరుకి తప్పక చెప్పాలి. మారాలో మలేరియా ఉంది కాబట్టి మాత్రల గురించి కూడా అదే డాక్టర్ని అడగండి. వీసా బదులు ఇప్పుడు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్లోనే. మనిషికి 30 డాలర్ల పైచిలుకు. అధికారిక సైట్లాగే కనిపించి రెట్టింపు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

నేనైతే మీకు ఇలా వేస్తాను. రాత్రికి నైరోబీలో దిగడం. మర్నాడు నైవాషా, అక్కడ ఒక రాత్రి. మూడో రోజు నరోక్ మీదుగా సెకెనాని, గేటు బయట మూడు రాత్రులు, మధ్యలో నిండుగా రెండు రోజులు మారా. తర్వాత నైరోబీ వచ్చి ఒక రాత్రి పడుకుని విమానం. ల్యాండ్ క్రూయిజర్ 5 రోజులకు 1,250 డాలర్లు, మారా క్యాంపు 540, మారా ఫీజు 500, నైవాషాలో గది, సైకిళ్లు, పడవ కలిపి 300, నైరోబీ హోటల్ రెండు రాత్రులకు 140, ఈటీఏలకు 130, దారి తిండి, ఎయిర్‌పోర్టు టాక్సీ, సిమ్ములకు 200, డ్రైవరుకు టిప్పు రోజుకు 20 చొప్పున 100. మొత్తం 3,160 డాలర్లు, అంటే 2 లక్షల 85 వేల దగ్గర. విమానానికి హైదరాబాద్ నుంచి షార్జా మీదుగా గానీ, ముంబై వెళ్లి అక్కడి నుంచి నేరుగా గానీ వెళ్లొచ్చు. మూడు నెలల ముందు చూస్తే నలుగురికి 2.4 లక్షల్లో పట్టొచ్చు. అన్నీ కలిపి 5.25 లక్షలు. టిప్పు ఎగ్గొట్టి ఇంకా తగ్గించాలని మాత్రం చూడకండి. జంతువుల్ని చూపించేది మీరు కట్టిన ఫీజు కాదు, ఆ డ్రైవరు కళ్లు.

టాంజానియా గురించి కూడా ఒక ముక్క అడిగారు. సెరెంగెటి అద్భుతం, కానీ ఈ బడ్జెట్లో వద్దు. న్‌గొరొంగొరో క్రేటర్లోకి (పాత అగ్నిపర్వతం బిలం) బండి దిగడానికే, మనుషుల ఫీజులు కాక, పన్నుతో కలిపి 295 డాలర్లు. అన్నిటికన్నా చవక దారి దక్షిణాఫ్రికాలోని క్రూగర్. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, తారు రోడ్లు, మామూలు చిన్న కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవచ్చు. రెస్ట్ క్యాంపుల్లో వంటిల్లున్న కాటేజీలుంటాయి, పప్పన్నం వండుకోవచ్చు. కాకపోతే జంతువును మీరే వెతుక్కోవాలి, మారాలో ఉన్నంత బయలు అక్కడ లేదు. మొదటిసారికి పిల్లలతో నేను మారాకే ఓటేస్తాను.

బాబుకి వెళ్లేలోపు కొన్ని స్వాహిలీ మాటలు నేర్పండి. డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకునేది ఆ భాషలోనే. సింబా అంటే సింహమని వాడికి తెలిసే ఉంటుంది. చుయ్ అంటే చిరుత, దుమా చీతా, కిఫారు ఖడ్గమృగం, న్యుంబు వైల్డ్‌బీస్ట్. జీబ్రాని పుండా మిలియా అంటారు, చారల గాడిద అని. మా మేనల్లుడు ఒకసారి రేడియోలో ‘దుమా’ విని డ్రైవరు నోరు విప్పకముందే ఎగిరి గంతేశాడు. వెళితే ఒక చెట్టు కింద తల్లి, మూడు కూనలు. మిగతా బండ్లు ఐదు నిమిషాలు ఫొటోలు తీసుకుని పోయాయి. మేము ఇంజన్ ఆపి ముప్పావుగంట కూర్చున్నాం. కూనలు వచ్చి మా బండి నీడలో, ముందు చక్రం పక్కన పడుకున్నాయి. ఊపిరి తీసుకుంటుంటే పొట్టలు ఎగరడం కూడా కనిపించింది.

పాప భయానికి వస్తే, జంతువుకి బండీ అందులో మనుషులూ కలిపి ఒకే పెద్ద ఆకారంలా కనిపిస్తాయని అక్కడి గైడ్లు చెబుతారు. లేచి నిలబడి చేతులు బయట పెట్టనంతవరకూ, అరవనంతవరకూ వాటికి మన మీద ధ్యాస ఉండదు. మొదటి సింహం ఆవలించి అటు తిరిగి పడుకున్నాక పాపే ‘ఇంతేనా’ అంటుంది చూడండి. అసలు ఇబ్బంది సింహాలతో కాదు, బాత్రూముతో. గేట్ల దగ్గర తప్ప లోపల పెద్దగా ఉండవు. ‘టైరు చెక్ చేయాలి’ అంటే డ్రైవరుకు అర్థమైపోతుంది, చుట్టూ చూసి పొదలు లేని ఖాళీ జాగాలో ఆపి, బండి వెనక్కి వెళ్లమంటాడు. ఆ మాట పాపకి ముందే నేర్పి తీసుకెళ్లండి.